తోటకు కాపు.. కూలీకి ముప్పు: సీమ పండ్ల సాగులో లాభం ఎవరిది? భారం ఎవరిది?

తాడిపత్రి: కరవు సీమగా పేరుపడిన రాయలసీమ నేడు పండ్ల సీమగా మారింది. అనంతపురంలో చీనీ, అరటి, పులివెందుల ప్రాంతంలో అరటి, రైల్వే కోడూరులో మామిడి, బొప్పాయి, చిత్తూరులో తోతాపురి మామిడి వేలాది కుటుంబాలకు జీవనాధారమయ్యాయి. వర్షాధార వేరుసెనగతో అప్పులపాలైన రైతుల్లో అనేకులు తోటల వల్లనే పిల్లలను చదివించుకున్నారు, ఇళ్లు కట్టుకున్నారు. ఇది నిర్వివాదాంశం. అయితే ఈ నాణేనికి మరో ముఖం ఉంది. 2025 జులై 13 రాత్రి, అప్పటికి అన్నమయ్య జిల్లాలో ఉన్న పుల్లంపేట మండలం రెడ్డిపల్లె చెరువుకట్టపై మామిడికాయల లారీ బోల్తా పడింది. కాయలు కోసి, లారీకెత్తి, అదే లోడుపై కూర్చుని తిరుగు ప్రయాణమైన కూలీల్లో తొమ్మిది మంది ఆ కాయల కిందనే నలిగి ప్రాణాలు విడిచారు. తాము కోసిన పంటే తమపై పడింది.

తోట వల్ల వచ్చే ఆదాయం ఎంత, ఆ ఆదాయంలో ఎవరి వాటా ఎంత, నష్టం వచ్చినప్పుడు అది ఎవరి నెత్తిన పడుతోంది అన్న ప్రశ్నలకు సమాధానం వెదికితేనే పండ్ల సాగు అసలు లెక్క తేలుతుంది.

వేరుసెనగ నుంచి తోటల వైపు

ఉమ్మడి అనంతపురం జిల్లా సగటు వర్షపాతం ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ మాత్రమే. అదీ సకాలంలో కురవదు. ఒకప్పుడు ఈ జిల్లాలో ఏడు లక్షల హెక్టార్లకు మించి వేరుసెనగ వేసేవారు. ఊడలు దిగే సమయంలో వాన మొహం చాటేస్తే చెట్టు నిలబడేది కానీ కాయ నిలబడేది కాదు. వరుస కరవులు, పెరిగిన విత్తనం ధర, దిగుబడి లేని పంట రైతును ప్రత్యామ్నాయం వైపు నెట్టాయి.

ఆ ప్రత్యామ్నాయానికి మూడు అంశాలు తోడయ్యాయి. మొదటిది బోరుబావి. రెండోది 2003లో రాష్ట్రంలో ప్రారంభమైన సూక్ష్మసేద్య పథకం. రాయితీపై బిందుసేద్యం పరికరాలు అందడంతో ఒక ఎకరాకు పారే నీటితో రెండెకరాల తోటను బతికించుకోవచ్చన్న ధైర్యం వచ్చింది. మూడోది 2004 నుంచి వ్యవసాయానికి అందిన ఉచిత విద్యుత్తు. ఆ తర్వాత 2012 నుంచి హంద్రీ-నీవా ద్వారా కృష్ణా జలాలు అనంతపురం వైపు మళ్లడం, చెరువులు నిండిన చోట భూగర్భజలాలు కొంత పైకి రావడం తోటల విస్తరణకు ఊతమిచ్చాయి. ఉపాధి హామీ పథకం కింద చిన్న, సన్నకారు రైతుల పొలాల్లో మామిడి మొక్కలు నాటించడంతో బడుగు వర్గాల రైతులకూ తోటలు చేరువయ్యాయి.

లాభం ఎలా వస్తుంది?

పండ్ల తోటలో లాభానికి మూలం ఎకరా దిగుబడి. అరటినే తీసుకుందాం. టిష్యూకల్చర్ జి-9 రకం మొక్కలను ఆరడుగుల దూరంలో నాటితే ఎకరాకు సుమారు 1,200 మొక్కలు పడతాయి. పదకొండు, పన్నెండు నెలలకు గెల కోతకు వస్తుంది. గెల సగటున 25 కిలోలు తూగిందనుకుంటే ఎకరాకు 30 టన్నులు. టన్ను ధర రూ.15 వేలు పలికితే రాబడి నాలుగున్నర లక్షలు. నాట్లు, ఎరువులు, పోషకాలు, గెలలకు ఊతకర్రలు, కూలీలు అన్నీ కలిపి పెట్టుబడి లక్ష రూపాయలు దాటినా చేతికి గణనీయమైన మొత్తమే మిగులుతుంది. పైగా మొదటి గెల కోశాక పిలక పంట వస్తుంది. దానికి మొక్కల ఖర్చు ఉండదు. వేరుసెనగలో ఈ స్థాయి ఆదాయాన్ని ఊహించడం కూడా కష్టం.

చీనీ లెక్క వేరు. సాత్‌గుడి రకం అంట్లు నాటాక కాపు కోసం నాలుగైదేళ్లు ఎదురుచూడాలి. కాపు మొదలయ్యాక సక్రమంగా చూసుకుంటే పదిహేను, ఇరవై ఏళ్లు తోట నిలుస్తుంది. ఒకసారి నాటిన చెట్టు ఒక తరాన్ని పోషిస్తుందని రైతులు నమ్మడానికి కారణం ఇదే. మామిడి అంతకంటే దీర్ఘకాలికం.

లాభం రైతు గడప వద్దనే ఆగిపోదు. ఒక తోట చుట్టూ నర్సరీ, డ్రిప్ మెకానిక్, ఎరువుల దుకాణం, కోత కూలీ, లారీ డ్రైవరు, ట్రేలు అద్దెకిచ్చేవారు, మండీ గుమాస్తా, మాగబెట్టే గోదాము, గుజ్జు పరిశ్రమ వరకు ఒక గొలుసు ఏర్పడుతుంది. దేశంలో మామిడి గుజ్జుకు పేరొందిన రెండు ప్రధాన కేంద్రాల్లో చిత్తూరు ఒకటి. రెండోది దాని పొరుగునే ఉన్న తమిళనాడులోని కృష్ణగిరి. ఇక్కడి గుజ్జు శీతల పానీయాల కంపెనీలకు, విదేశాలకు వెళుతుంది. బంగినపల్లి మామిడికి 2017లో భౌగోళిక గుర్తింపు లభించింది. 2020 జనవరి 30న తాడిపత్రి నుంచి 43 శీతల కంటైనర్లలో 980 టన్నుల అరటి ముంబయి సమీపంలోని జవహర్‌లాల్ నెహ్రూ పోర్టుకు ప్రత్యేక రైలులో బయలుదేరింది. అదే ఏడాది సెప్టెంబరు 9న దక్షిణాదిలో తొలి కిసాన్ రైలు అనంతపురం నుంచి ఢిల్లీలోని ఆదర్శనగర్‌కు పండ్లతో వెళ్లింది. కరవు జిల్లా నుంచి రైళ్లకు రైళ్లు పండ్లు తరలడం సాధారణ విషయం కాదు.

ధర పడితే లెక్క తలకిందులు

అదే ఎకరా అరటికి అదే 30 టన్నుల దిగుబడి వచ్చి, టన్ను ధర రూ.3 వేలకు పడిపోయిందనుకుందాం. రాబడి రూ.90 వేలు. అంటే పెట్టుబడి కూడా రాదు. గెల కోయించి, మోయించి, బండికెక్కించే ఖర్చు వేరే. 2025 చివరిలో అనంతపురం, కడప జిల్లాల అరటి రైతులు సరిగ్గా ఈ పరిస్థితినే చవిచూశారు. కొనేవారు లేక గెలలు చెట్టుకే మాగిపోయాయి. కొందరు తోటలోకి పశువులను తోలారు, మరికొందరు ట్రాక్టరుతో దున్నేశారు.

అంతకు కొన్ని నెలల ముందు తోతాపురి రైతుకూ ఇదే గతి పట్టింది. 2025 వేసవిలో దిగుబడి అధికంగా వచ్చింది. గుజ్జు పరిశ్రమల వద్ద అంతకుముందు ఏడాది సరుకు అమ్ముడుపోకుండా నిల్వ ఉండిపోయింది. ఫ్యాక్టరీ గేట్ల ముందు ట్రాక్టర్లు రోజుల తరబడి బారులు తీరాయి. రాష్ట్ర ప్రభుత్వం కిలోకు రూ.12 గిట్టేలా నిర్ణయం తీసుకుంది. అందులో రూ.8 పరిశ్రమ, రూ.4 ప్రభుత్వం చెల్లించాలి. పరిశ్రమలు ఎనిమిది రూపాయలు ఇవ్వడం లేదంటూ రైతులు ఆందోళనకు దిగారు. అదే జులైలో కేంద్రం మార్కెట్ జోక్య పథకం కింద క్వింటాలుకు రూ.1,490.73 చొప్పున 1.62 లక్షల టన్నులకు ఆమోదం తెలిపింది. భారాన్ని కేంద్ర, రాష్ట్రాలు సగం సగం భరించాలన్నది నిబంధన.

ధర ఇంతగా పడిపోవడానికి కారణాలు స్పష్టం.

మొదటిది, పండు ఆగదు. వరిని, పప్పును ధర వచ్చేదాకా గిడ్డంగిలో దాచుకోవచ్చు. పక్వానికి వచ్చిన గెలను వారం ఆపడమే గగనం. ఈ సంగతి రైతుకు ఎంత తెలుసో వ్యాపారికీ అంతే తెలుసు. బేరంలో రైతు చేయి కిందికావడానికి అదే కారణం.

రెండోది, అందరూ ఒకే రకం వేయడం. చిత్తూరులో తోతాపురి ప్రధానంగా గుజ్జుకే పోతుంది. గుజ్జు కొనే కంపెనీలు చేయి వెనక్కి తీసుకుంటే ఆ కాయకు వేరే గిరాకీ అంతగా లేదు.

మూడోది, దూరపు మార్కెట్టుపై ఆధారపడటం. గల్ఫ్, ఇరాన్ దేశాలకు ఎగుమతి తగ్గినా, ఉత్తరాదిన మహారాష్ట్ర, గుజరాత్ అరటి ఒకేసారి మార్కెట్టును ముంచెత్తినా దాని దెబ్బ పుట్లూరు, యల్లనూరు పొలాల్లో తెలుస్తుంది.

నాలుగోది, మద్దతు ధర లేకపోవడం. కేంద్రం కనీస మద్దతు ధర ప్రకటించే పంటల జాబితాలో పండ్లు లేవు. మార్కెట్ జోక్య పథకం ధర కుప్పకూలాకే కదులుతుంది. పంటల బీమా ఉన్నా అది వాతావరణ నష్టానికే తప్ప ధర నష్టానికి వర్తించదు.

గుత్త, సూట్, కమీషన్

తోట కాసినంత మాత్రాన ఆదాయం మొత్తం రైతుదే కాదు. మామిడిలో పూత దశలోనే, కొన్నిచోట్ల అంతకుముందే, తోటను వ్యాపారికి గుత్తకు ఇచ్చే పద్ధతి ఉంది. అప్పు అవసరం ఉన్న రైతుకు ముందుగా డబ్బు చేతికందుతుంది. కాపు బాగుంటే లాభం గుత్తదారుది. కాపు పోతే మిగిలిన సొమ్ము ఎగ్గొట్టే గుత్తదారులూ లేకపోలేదు. రాతపూర్వక ఒప్పందం ఉండదు కనుక రైతు ఎక్కడా చెప్పుకోలేడు.

మండీకి తెచ్చిన సరుకుకు సూట్ పేరిట కోత ఉంటుంది. దెబ్బతిన్న కాయ, తరుగు అంటూ తూకంలో తగ్గిస్తారు. కొన్నిచోట్ల టన్నుకు వంద కిలోల దాకా సూట్ తీస్తున్నారన్నది చీనీ రైతుల చిరకాల ఫిర్యాదు. టన్ను ధర రూ.20 వేలైతే వంద కిలోల సూట్ అంటే రూ.2 వేలు. పది టన్నులకు రూ.20 వేలు. కమీషను, హమాలీ, రవాణా దీనికి అదనం. వ్యాపారి వద్దనే పెట్టుబడికి అప్పు తీసుకున్న రైతు సరుకును వేరొకరికి అమ్మలేడు. వడ్డీ కంటే ఈ కట్టుబాటే అతనికి ఎక్కువ నష్టం చేస్తుంది.

బోరు మింగిన భూములు

తోటకు నీరు ఒక ఏడాది అవసరం కాదు, ఏటా అవసరం. వేరుసెనగ ఎండిపోతే ఆ ఏడాది పంట పోతుంది. చీనీ చెట్టు ఎండిపోతే పదేళ్ల శ్రమ పోతుంది. అందుకే బోరు ఎండగానే రైతు మరో బోరు వేస్తాడు. అది పడకపోతే మరొకటి. అనంతపురం మెట్ట మండలాల్లో ఆరువందలు, ఎనిమిది వందల అడుగులు తవ్వినా చుక్క పడని సందర్భాలు కోకొల్లలు. తవ్వకానికి, కేసింగుకు, మోటారుకు చేసిన అప్పు తోట కాపుతో సంబంధం లేకుండా పెరుగుతూనే ఉంటుంది. తీవ్ర కరవు వచ్చిన సంవత్సరాల్లో ట్యాంకర్లతో నీరు తోలి చెట్లను బతికించుకున్న రైతులున్నారు. బతికించుకోలేక నరికివేసినవారూ ఉన్నారు. సీమలో రైతుల ఆత్మహత్యల వెనుక ఎండిన బోర్ల అప్పు పదేపదే కనిపించే కారణం.

నీరు, భూమి, చెట్ల పరిరక్షణ కోసం 2002లో తెచ్చిన వాల్టా చట్టం ప్రకారం కొత్త బోరుకు అనుమతి తీసుకోవాలి, ఉన్న బోర్లకు తగిన దూరం పాటించాలి. ఆచరణలో ఇది అంతంతమాత్రమే. పక్కపొలం వాడు లోతుగా తవ్వితే తన బోరు ఎండుతుంది కనుక అందరూ లోతుకు పోటీ పడతారు. ఈ పోటీలో పెట్టుబడి ఉన్నవాడు నిలుస్తాడు, సన్నకారు రైతు చితికిపోతాడు. తోటల వల్ల ఊరు బాగుపడిందనే మాటలో ఈ చితికిపోయినవారి లెక్క కలవడం లేదు.

కౌలుదారు కష్టం

అరటి, బొప్పాయి వంటి తక్కువ కాలపు తోటలను కౌలుకు తీసుకున్న భూముల్లోనూ పెంచుతున్నారు. కౌలు ముందే చెల్లించాలి. పెట్టుబడి అంతా కౌలుదారుదే. పంట పోతే పరిహారం మాత్రం పట్టాదారు ఖాతాలో పడే అవకాశమే ఎక్కువ. పంట సాగుదారు హక్కుల చట్టం 2019లో వచ్చింది. దాని ప్రకారం 11 నెలల ఒప్పందంతో సాగు హక్కు పత్రం పొందవచ్చు. కానీ భూ యజమాని సంతకం తప్పనిసరి. భూమిపై హక్కు పోతుందేమోనన్న భయంతో యజమానులు సంతకానికి ముందుకు రావడం లేదు. పత్రం లేనిదే బ్యాంకు రుణం లేదు, బీమా లేదు. అందువల్ల కౌలుదారు ప్రైవేటు అప్పునే నమ్ముకోవాల్సి వస్తోంది.

కూలీ బతుకు: పని ఉంది, భద్రత లేదు

తోటలు పనిదినాలను పెంచాయి. వేరుసెనగ కాలంలో కలుపు, కోత తప్ప మిగతా రోజులు పని లేక బెంగళూరుకో, చెన్నైకో వలసపోయేవారు. నేడు అరటి తోటల్లో ఏడాది పొడవునా ఏదో ఒక పని దొరుకుతోంది. ఈ మేలును తక్కువ చేసి చూడకూడదు. అయితే ఆ పని ఏ పరిస్థితుల్లో జరుగుతోందన్నది వేరే ప్రశ్న.

మామిడి కోతకు తెల్లవారుజామునే చెట్టెక్కాలి, లేదా చిక్కం కట్టిన గడకర్రతో మెడ పైకెత్తి గంటల తరబడి కాయలు దించాలి. తొడిమ నుంచి కారే సొన చర్మంపై పడితే బొబ్బలెక్కుతుంది. కొమ్మ విరిగి కిందపడితే నడుము విరుగుతుంది. అరటి గెలను భుజాన మోసే కూలీ తడి నేలపై, డ్రిప్ పైపుల మధ్య రోజంతా నడవాలి. దట్టమైన తోటలో పాముకాటు భయం ఎప్పుడూ ఉంటుంది. చీనీ కొమ్మల ముళ్లు చేతులను చీరేస్తాయి. గ్రేడింగు, ట్రేలు నింపడం వంటి పనులు ఎక్కువగా మహిళలవి. వారితో సమానంగా పనిచేసినా మగవారి కూలికి, ఆడవారి కూలికి తేడా కొనసాగుతూనే ఉంది. సమాన పనికి సమాన వేతనం చెల్లించాలన్న చట్టం 1976 నుంచే ఉన్నా తోటలో దాని ఊసే లేదు.

కూలీకి, యజమానికి మధ్య మేస్త్రీ ఉంటాడు. మనుషులను కూడగట్టేది, వాహనం కుదిర్చేది, డబ్బు పంచేది అతడే. ఎవరు ఏ తోటలో ఎన్ని రోజులు పనిచేశారన్న రికార్డు ఎక్కడా ఉండదు. ప్రమాదం జరిగినప్పుడు ఆ కూలీ ఎవరి పనిమీద వెళ్లాడో రుజువు చేయడం కష్టమయ్యేది ఇందువల్లనే.

తోటలోనే గుడిసె వేసుకుని కాపలా కాసే కుటుంబాల పరిస్థితి మరీ దయనీయం. యానాదులు తదితర గిరిజన కుటుంబాలు ఈ పనిలో ఎక్కువగా కనిపిస్తాయి. ముందుగా కొంత అడ్వాన్సు తీసుకుంటారు. అది తీరేదాకా తోట వదలకూడదన్న షరతు ఉంటుంది. అప్పు చూపి మనిషిని పనికి కట్టిపడేయడం వెట్టిచాకిరి కిందికే వస్తుంది. దీన్ని నిషేధిస్తూ 1976లోనే చట్టం చేశారు. విముక్తి పొందిన కుటుంబానికి పునరావాస సాయం అందించాల్సిన బాధ్యత ప్రభుత్వానిది. ఆ కుటుంబం పిల్లలు ఏ బడిలో ఉన్నారో అడిగితే చాలు, తోట అసలు ఖర్చు కొంత అర్థమవుతుంది.

లోడుపై ప్రయాణం.. బీమాకు దూరం

అన్నింటికంటే పెద్ద ముప్పు పొలానికి వెళ్లి వచ్చే దారిలోనే ఉంది. 2024 నవంబరు 23న గార్లదిన్నె మండలం తలగాసిపల్లె వద్ద ఆటోను బస్సు ఢీకొన్న దుర్ఘటనలో పుట్లూరు మండలం ఎల్లుట్లకు చెందిన కనీసం ఏడుగురు కూలీలు మరణించారు. తోట పని ముగించుకుని ఇంటికి తిరిగి వస్తున్న వారే అందరూ. ఏడాది తిరగకుండానే రెడ్డిపల్లె చెరువుకట్ట ప్రమాదం జరిగింది.

కూలీలు లోడుపై ఎందుకు ఎక్కుతారు? కోత ముగిసేసరికి చీకటి పడుతుంది. ఆ దారిలో బస్సు ఉండదు. వేరే వాహనం పెడితే ఖర్చు. సరుకు త్వరగా మండీకి చేరాలన్న తొందర వ్యాపారిది, ఇంటికి చేరాలన్న తొందర కూలీది. అందుకే సరుకు, మనుషులు ఒకే బండి ఎక్కుతారు.

ఇలా ఎక్కినవారికి చట్టపరంగా రక్షణ ఏమిటన్నది చాలామందికి తెలియదు. మోటారు వాహనాల చట్టం ప్రకారం సరుకు వాహనానికి తప్పనిసరి బీమా కొందరికే వర్తిస్తుంది. సరుకు యజమాని లేదా అతని ప్రతినిధి, వాహనంపై పనిచేసే సిబ్బంది ఆ పరిధిలోకి వస్తారు. సరుకు వాహనంలో ఊరికే ఎక్కిన ప్రయాణికులకు పరిహారం చెల్లించే బాధ్యత బీమా సంస్థకు లేదని ఆశారాణి కేసులో సుప్రీంకోర్టు 2002లో తేల్చిచెప్పింది. అప్పుడు పరిహారం వాహన యజమాని నుంచే రావాలి. అతనికి ఆస్తి లేకపోతే కోర్టు తీర్పు కాగితానికే పరిమితం. బీమా సంస్థే ముందు చెల్లించి తర్వాత యజమాని నుంచి రాబట్టుకోవాలని కొన్ని కేసుల్లో కోర్టులు ఆదేశించినా అది ప్రతిసారీ దక్కే ఊరట కాదు.

పనికి వెళ్లివచ్చే దారిలో జరిగిన ప్రమాదం విషయంలో మాత్రం ఇటీవల కొంత స్పష్టత వచ్చింది. ఆ ప్రయాణానికి, పనికి ఉన్న సంబంధం రుజువైతే దాన్ని పనిలో జరిగిన ప్రమాదంగానే పరిగణించవచ్చని 2025 జులై 29న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా స్మృతిలోనూ ఇదే భావన చోటుచేసుకుంది. కానీ పనికి రుజువు కావాలి. మేస్త్రీ చేతి లెక్క తప్ప మరేమీ లేని చోట రుజువు ఎక్కడి నుంచి వస్తుంది?

మందు పిచికారీ.. మాగబెట్టే మసి

మామిడిలో తేనెమంచు పురుగు, చీనీలో మంగు, ఎండు తెగులు, బొప్పాయిలో వైరస్ తెగులు రైతును ఏటా మందుల దుకాణానికి నడిపిస్తాయి. పిచికారీ చేసేది ఎక్కువగా కూలీలే. ఎత్తయిన చెట్టుకు మందు కొట్టేటప్పుడు తుంపర తిరిగి ముఖంపైనే పడుతుంది. మాస్కు, చేతితొడుగులు, కళ్లద్దాలు వాడేవారు అరుదు. ఎండలో అవి ఉక్కపోస్తాయి, వాటిని కొనిచ్చేవారూ తక్కువే. కేరళలోని కాసర్‌గోడ్‌లో జీడి తోటలపై రెండు దశాబ్దాలకు పైగా హెలికాప్టర్లతో ఎండోసల్ఫాన్ చల్లితే ఆ చుట్టుపక్కల పల్లెల్లో తరాలు రోగగ్రస్తమయ్యాయి. ఆ మందును సుప్రీంకోర్టు 2011లో దేశమంతటా నిలిపివేసింది. తోట పచ్చగా ఉన్నంత మాత్రాన చుట్టూ ఉన్న మనుషులు క్షేమంగా ఉన్నారని అనుకోరాదనడానికి అదొక హెచ్చరిక.

కాయలను మాగబెట్టడానికి కాల్షియం కార్బైడ్ వాడకం నిషిద్ధం. అందులో ఆర్సెనిక్, ఫాస్ఫరస్ ఆనవాళ్లు ఉంటాయి. తినేవారికంటే ముందు దాని ప్రభావం పడేది గోదాములో పొట్లాలు పెట్టే కూలీపైనే. నిర్ణీత మోతాదులో ఇథిలీన్ వాయువుతో మాగబెట్టేందుకు అనుమతి ఉంది. దానికి గదులు కావాలి, పెట్టుబడి కావాలి. చిన్న వ్యాపారి కార్బైడ్ వైపు మొగ్గేది ఇందుకే.

ఏం చేయవచ్చు?

తోటలు వద్దనడం పరిష్కారం కాదు. మళ్లీ వేరుసెనగకు వెళ్లమనడం అంతకంటే అర్థరహితం. లాభంతోపాటు భారం కూడా న్యాయంగా పంచుకునే ఏర్పాటు కావాలి. అందులో కొన్ని పెద్ద ఖర్చు లేనివే.

* ప్రధానమంత్రి సురక్షా బీమా యోజన కింద ఏడాదికి రూ.20 ప్రీమియంతో రూ.2 లక్షల ప్రమాద బీమా లభిస్తుంది. 18 నుంచి 70 ఏళ్లలోపు వారు, బ్యాంకు ఖాతా ఉంటే చాలు. పదిమంది కూలీల బృందానికి ఏడాదికయ్యే ఖర్చు రూ.200. కోత మొదలయ్యే ముందు తోట యజమానో, గుత్తదారో ఈ సొమ్ము కట్టి రశీదు కూలీ చేతికిస్తే ఒక కుటుంబానికి కనీస ఆసరా ఉంటుంది.

* మేస్త్రీ వద్ద హాజరు పుస్తకం తప్పనిసరి చేయాలి. కూలీ పేరు, తోట, తేదీ రాసి ఉంటే ప్రమాద సమయంలో అదే సాక్ష్యం.

* కోత కాలంలో మామిడి, అరటి మండలాల రహదారులపై పోలీసు, రవాణా శాఖలు సాయంత్రం వేళ తనిఖీలు చేపట్టాలి. జరిమానా విధించి వదిలేయడంతో సరిపెట్టక లోడుపై ఉన్నవారిని దించి వేరే వాహనంలో పంపే ఏర్పాటు చేయాలి.

* ప్రమాదం జరిగితే మోటారు ప్రమాదాల ట్రైబ్యునల్‌లో ఆరు నెలల్లోగా దరఖాస్తు వేయడం శ్రేయస్కరం. ఎఫ్ఐఆర్, పోస్టుమార్టం నివేదిక, ఆధార్ ప్రతులు భద్రపరచుకోవాలి. జిల్లా న్యాయసేవాధికార సంస్థ ద్వారా ఉచితంగా న్యాయవాదిని పొందవచ్చు.

* రైతు పూర్తి భూమిని ఒకే రకానికి అప్పగించకూడదు. నాటే కాలాన్ని విడతలుగా మార్చుకుంటే గెలలన్నీ ఒకేసారి మార్కెట్టుకు రావు. గుత్తకు ఇచ్చేటప్పుడు చెల్లింపు తేదీలతో కాగితం రాసుకోవాలి.

* సూట్ పేరిట తూకంలో కోతను మార్కెట్ కమిటీలు అడ్డుకోవాలి. ధర పడిపోయాక మేల్కొనే జోక్య పథకం కాకుండా, పూత దశలోనే దిగుబడి అంచనా వేసి పరిశ్రమల వద్ద నిల్వలు ఎంత ఉన్నాయో రైతుకు ముందుగా తెలిపే వ్యవస్థ కావాలి.

సీమ తోటల్లో పండే ప్రతి కాయ వెనుక నీరు, అప్పు, చెమట ఉన్నాయి. వాటిలో అప్పు భారం రైతుపై, చెమట భారం కూలీపై పడుతుండగా, ధర నిర్ణయించేవారిపై మాత్రం ఏ భారమూ పడటం లేదు. ఏడాదికి ఇరవై రూపాయల బీమా కూడా లేకుండా పదిమందిని కాయల లోడుపైకి ఎక్కించే అలవాటు మానుకోవడానికి కొత్త చట్టం అవసరం లేదు. రాబోయే మామిడి కోతలకు ముందే తోట యజమానులు, గుత్తదారులు, మేస్త్రీలు, అధికారులు ఒకచోట కూర్చుంటే చాలు. రెడ్డిపల్లె చెరువుకట్ట వంటి విషాదం పునరావృతం కాకూడదంటే చేయాల్సిన మొదటి పని అదే.